కోడింగ్ గ్రూపుల్లో మర్యాద, మనస్పర్థలు: డౌటు అడిగే దగ్గర నుంచి అడ్మిన్ బాధ్యత దాకా

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివే ఎవరి ఫోన్ చూసినా రెండు మూడు కోడింగ్ గ్రూపులు ఉంటాయి. బ్రాంచి వాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి, ప్లేస్‌మెంట్ల కోసం టెలిగ్రామ్ గ్రూపు ఒకటి, ఎవరో సీనియర్ ఉత్సాహంగా మొదలుపెట్టి మర్చిపోయిన డిస్కార్డ్ సర్వర్ ఒకటి. వాటిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద డౌటుతో మొదలైన మాట అర్ధరాత్రికల్లా "దమ్ముంటే రేపు క్యాంటీన్ దగ్గరికి రా" దాకా వెళ్లడం కొత్తేమీ కాదు.

ఇలాంటి గొడవల గురించి ఇంగ్లిష్‌లో దొరికే సలహాలు ఎక్కువగా ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం రాసినవి. పట్టించుకోకు, బ్లాక్ చేసెయ్, గ్రూపులోంచి వెళ్లిపో అంటాయి. మన దగ్గర అది సగమే పనిచేస్తుంది. రాత్రి గ్రూపులో మాటా మాటా అనుకున్నవాళ్లు పొద్దున బెంజ్ సర్కిల్ దగ్గర ఒకే కాలేజీ బస్సు ఎక్కాలి, వారధి దాటి వడ్డేశ్వరం చేరేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఇవాళ బ్లాక్ చేసిన సీనియరే ఆర్నెల్ల తర్వాత ఉద్యోగానికి రిఫరల్ (తన కంపెనీలో సిఫార్సు) అడగాల్సిన మనిషి అవుతాడు. లేదంటే మీ బాబాయి వాళ్ల వీధిలోనే ఉంటాడు. అందుకని ఇందులో గొడవకి దూరంగా ఉండటం గురించి కొంతే చెప్పి, వచ్చిన గొడవని సర్దుకోవడం గురించి ఎక్కువ చెబుతాను.

మొదటి మెట్టు: చేరగానే అడగొద్దు, కాస్త చదవండి

ఇంటర్నెట్ నిపుణులు ఆర్‌ఎఫ్‌సీలు అనే నంబర్ల పత్రాలు విడుదల చేస్తుంటారు. 1995 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1855 పేరుతో ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఒకటి వచ్చింది. మెయిలింగ్ లిస్టుల్లో (ఒకరు రాసిన మెయిల్ అందరికీ వెళ్లే గ్రూపులు), న్యూస్‌గ్రూపుల్లో (అప్పటి చర్చా వేదికలు) చేరినవాళ్లు ఒకటి రెండు నెలలు చదివాకే ఏదైనా రాయాలని అందులో ఉంది. సెమిస్టర్ పరీక్షలు నెత్తి మీద ఉన్నవాళ్లకి రెండు నెలలు ఆగమంటే అయ్యే పని కాదు. ఒక్క సాయంత్రం చాలు. పిన్ చేసిన మెసేజ్ చదవండి. గ్రూపులో సెర్చ్ కొట్టి మీ డౌటు ఇంతకుముందు ఎవరైనా అడిగారేమో చూడండి. ఎవరు ఓపిగ్గా చెబుతున్నారో, ఎవరు ముక్కుసూటిగా మాట్లాడతారో ఒక అంచనాకి రండి. ముక్కుసూటి మనిషి అందరితోనూ అలాగే మాట్లాడతాడని ముందే తెలిస్తే, రేపు మిమ్మల్ని ఒక మాట అన్నా అంతగా గుచ్చుకోదు.

రెండో మెట్టు: మీరా, నువ్వా

తెలుగు గ్రూపుల్లో సగం గొడవలు ఇక్కడే పుడతాయని నా లెక్క. ఇంగ్లిష్‌లో ఈ బెడద లేదు, మనకి ప్రతి క్రియలోనూ ఉంది. "ఒకసారి రన్ చేసి చూడండి" అంటే సాయం. "రన్ చేసి చూడు" అంటే చనువు, లేదా పెత్తనం. "చూసుకో" అంటే విదిలింపు. విషయం ఒకటే, వినేవాడికి మాత్రం మూడు వేర్వేరు మాటలు.

తెలియని మనిషికి "మీరు", పేరు పక్కన "గారు". వయసు తెలియకపోయినా ఇదే. డిస్‌ప్లే పిక్చర్‌లో కుర్రాడిలా కనబడే మనిషి అసిస్టెంట్ ప్రొఫెసర్ అయి ఉండొచ్చు. తెలిసిన సీనియర్లని "అన్నా", "అక్కా" అనడం మన దగ్గర మామూలే, బాగానే ఉంటుంది. "సార్" అక్కర్లేదు గానీ తప్పూ లేదు. అందరినీ కలిపి "బ్రో" అని పిలిచే అలవాటుంటే మానుకోండి, గ్రూపులో అమ్మాయిలు కూడా ఉంటారు. అలాగని "సిస్టర్" అని మొదలుపెట్టొద్దు. చాలామందికి అది చిరాకు, ముఖ్యంగా ఆ వెంటనే పర్సనల్‌గా "హాయ్" వచ్చినప్పుడు. పేరు పక్కన "గారు" పెడితే ఏ ఇబ్బందీ ఉండదు.

ప్రాణ స్నేహితుడినైనా గ్రూపులో "ఒరేయ్, నీకు బుర్ర లేదా" అనొద్దు. మీ ఇద్దరికీ అది సరదా. చదివే మిగతా నాలుగొందల మందికి మీ స్నేహం సంగతి తెలియదు. ఇక్కడ అలా మాట్లాడొచ్చు కాబోలు అనుకుంటారు, రేపు వాళ్లూ అదే మొదలుపెడతారు.

వాదన మధ్యలో "మీరు" నుంచి "నువ్వు"కి దిగడం అన్నిటికంటే ప్రమాదం. అది తిట్టుతో సమానం. అలాగే అప్పటిదాకా తెలుగులో మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి "మైండ్ యువర్ లాంగ్వేజ్" అని ఇంగ్లిష్‌కి మారాడంటే కోపం తలకెక్కిందని గుర్తు. ఈ రెండిట్లో ఏది కనబడినా కోడ్ సంగతి పక్కన పెట్టి నేరుగా ఐదో మెట్టుకి వెళ్లండి.

మూడో మెట్టు: అడిగే తీరు

"పైథాన్ వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అర్జెంట్." ఈ మెసేజ్ చూసి ఎవరూ చెయ్యి ఎత్తరు. ఎత్తితే ఏం మీద పడుతుందో తెలియదు కదా. పావుగంట తర్వాత వంకరగా తీసిన లాప్‌టాప్ స్క్రీన్ ఫొటో, దాని మీద ట్యూబ్‌లైట్ వెలుగు, కింద "రావట్లేదు". ఇక జవాబు చెప్పేవాడు సగం చిరాకుతోనే మొదలుపెడతాడు.

అదే ప్రశ్న ఇలా అడిగితే:

"నమస్తే. మార్కులు చేర్చే ఫంక్షన్ ఒకటి రాశాను. దానికి డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు ఇచ్చాను. మొదటిసారి 45 పంపితే లిస్టులో 45 వచ్చింది. రెండోసారి 60 పంపితే 60 ఒక్కటే వస్తుందనుకున్నాను, 45, 60 రెండూ వస్తున్నాయి. పైథాన్ 3.12, విండోస్. వేరే ఫైల్లో పెట్టి చూసినా అంతే. కోడ్ కింద ఉంది, ఎనిమిది లైన్లు."

ఏం చేశారు, ఏం రావాలి, ఏం వస్తోంది, అప్పటికే ఏం ప్రయత్నించారు. ఈ నాలుగూ ఉంటే ఎంత కోపిష్టి అయినా తిట్టడానికి సందు దొరకదు. "అర్జెంట్" అన్న మాట తీసేయండి. మీ ల్యాబ్ రికార్డు రేపు సబ్మిట్ చేయాలన్నది మీ టెన్షన్, అవతలివాళ్లది కాదు.

కోడ్ పెట్టేటప్పుడు ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు పెట్టండి. కీబోర్డు మీద ఒకటి అంకెకి ఎడమ పక్కన ఉండే గుర్తు అది. ఇది అందం కోసం కాదు. వాట్సాప్‌లో రెండు స్టార్ల మధ్య ఉన్న మాట బోల్డ్ అయిపోయి స్టార్లు మాయమవుతాయి. టెలిగ్రామ్‌లో అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లున్న మాట ఇటాలిక్ అయిపోయి అండర్‌స్కోర్లు పోతాయి. పైథాన్ క్లాసులో ఉండే ఇనిట్ ఫంక్షన్ పేరే అలా (__init__) ఉంటుంది. దాంతో కరెక్టుగా రాసిన కోడ్ గ్రూపులోకి వచ్చేసరికి తప్పుగా కనబడుతుంది. అది చూసి ఒకరు "సింటాక్సే రాదు, డౌట్లొకటి" అంటారు, అడిగిన మనిషి "నేను సరిగ్గానే రాశాను" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అయినా గొడవ మొదలైంది. కొన్ని ఫోన్ కీబోర్డులు మామూలు కొటేషన్ గుర్తుల్ని వంకర కొటేషన్లుగా మార్చేస్తాయి, దానివల్లా ఇదే తంటా. కోడ్ యాభై లైన్లు దాటితే ఫైలుగా పంపండి.

స్క్రీన్‌షాట్ పెట్టే ముందు అందులో డేటాబేస్ పాస్‌వర్డో, ఏపీఐ కీనో (ఒక ఆన్‌లైన్ సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) కనబడుతోందేమో చూసుకోండి. పొరపాటున పెట్టేస్తే డిలీట్ చేసి ఊరుకోవద్దు, ఈపాటికి ఎవరో చూసే ఉంటారు. వెంటనే ఆ కీ మార్చేయండి.

జవాబు వచ్చాక "పనిచేసింది" అని ఒక్క మాట రాయండి. ఎలా పనిచేసిందో కూడా రాస్తే రేపు సెర్చ్ చేసేవాళ్లకి ఉపయోగం. ఇది చేసేవాళ్లు ఎంత తక్కువంటే, చేసిన మనిషి పేరు అందరికీ గుర్తుండిపోతుంది.

నాలుగో మెట్టు: చెప్పే తీరు

"గూగుల్ చెయ్యి" అని రాయడానికి పట్టే సమయంలో ఏ మాటలతో వెతకాలో రాయొచ్చు. "మ్యూటబుల్ డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్ అని వెతకండి, మొదటి పేజీలోనే ఉంటుంది" అనే మెసేజ్ కూడా వెతుక్కోమనే చెబుతోంది. అవమానం మాత్రం లేదు. అంత ఓపిక లేని రోజు ఊరుకోండి. జవాబు చెప్పమని మిమ్మల్ని ఎవరూ కట్టేయలేదు.

తప్పు చూపించేటప్పుడు లైను గురించి మాట్లాడండి, మనిషి గురించి వద్దు. "నీకు లూపులు రావు" అనొద్దు. "నాలుగో లైన్లో లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోంది" అనండి. "సింపుల్", "జస్ట్", "ఇంతే కదా" లాంటి మాటలు కూడా తగ్గించండి. రాత్రంతా కూర్చున్నా తేలనిదాన్ని మీరు "సింపుల్" అంటే అవతలి మనిషికి తన తెలివితక్కువతనమే వినబడుతుంది. ఇక్కడ చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. వాళ్ల ఇంగ్లిష్‌లోని తప్పుల్ని కోడ్ చర్చలోకి లాగడం నీచం. దానికి వేరే మాట నాకు దొరకలేదు.

చాట్‌జీపీటీ ఇచ్చిన జవాబుని నడిపి చూడకుండా తెచ్చి అతికించడం కొత్తగా వచ్చిన రోగం. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, తప్పో ఒప్పో తెలియదు. ఇదే కారణంతో ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే అలాంటి జవాబుల్ని నిషేధించింది. వాడుకోండి, కాదనను. కానీ "ఇది ఏఐ ఇచ్చింది, నేను రన్ చేసి చూశాను, పనిచేసింది" అని చెప్పి పెట్టండి. రన్ చేయకపోతే అసలు పెట్టొద్దు.

ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఇంకో చిక్కు. ఆ సమయానికి జరుగుతున్న ఆన్‌లైన్ టెస్టు ప్రశ్నని ఎవరో మామూలు డౌటులా తెచ్చి పెడతారు. తెలిసి చెబితే మీరూ అందులో భాగమే. "టెస్టు అయిపోయాక చర్చిద్దాం" అని ఒక్క లైను రాసి వదిలేయండి. ఉపన్యాసం అక్కర్లేదు.

ఐదో మెట్టు: గొడవ మొదలైంది, ఇప్పుడేం చేయాలి

పైన చెప్పిన మార్కుల లిస్టు ప్రశ్ననే తీసుకుందాం. అడిగింది బ్రాడీపేటలో ఉండి చదువుకునే మూడో సంవత్సరం అమ్మాయి అనుకోండి. జవాబిచ్చింది గన్నవరం వైపు ఆఫీసులో పనిచేసే సీనియర్. మధ్యలో వచ్చింది తాడేపల్లి నుంచి ఫైనలియర్ కుర్రాడు. ఇలాంటి చోట మాటలు ఎలా నడుస్తాయో చూడండి.

సీనియర్: "ఇది బేసిక్స్ కదా. డిఫాల్ట్‌గా లిస్టు ఎవరైనా ఇస్తారా?"
ఫైనలియర్: "ఇవ్వకూడదని ఎక్కడుంది? అది పైథాన్‌లో బగ్."
సీనియర్: "బగ్ కాదు. ముందు డాక్యుమెంటేషన్ చదువు."
ఫైనలియర్: "చదువు ఏంటి? మర్యాదగా మాట్లాడండి."
సీనియర్: "ఆరేళ్ల నుంచి ఇదే పని చేస్తున్నా. నీ దగ్గర నేర్చుకోవాలా?"
ఫైనలియర్: "ఆరేళ్లు చేసి ఇంకా ఇక్కడే ఉన్నారుగా. హైదరాబాద్‌లో ఎవరూ తీసుకోలేదా?"

మొదటి మూడు మాటల్లో కోడ్ ఉంది. మూడో మాటలో "చదువు" దగ్గర క్రియ మారింది. నాలుగు నుంచి కోడ్ లేదు. ఆరో మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. సొంతూళ్లో ఉద్యోగం చేసే ప్రతివాడికీ ఇంట్లో, పెళ్లిళ్లలో వినబడే మాటే అది. ఇక ఇది పైథాన్‌తో తేలదు. ఇంతకీ బ్రాడీపేట అమ్మాయికి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

మీరు ఆ ఇద్దరిలో ఒకరైతే ముందు రిప్లై బాక్సులోంచి బయటికి రండి. రాయకుండా ఉండలేకపోతే ఫోన్‌లోని నోట్స్‌లో రాసుకోండి, గ్రూపులో కాదు. రిప్లై బాక్సులో రాసింది ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి జారి వెళ్లిపోతుంది. వాట్సాప్‌లో డిలీట్ చేయొచ్చు కదా అనుకోవద్దు. డిలీట్ చేసిన ఆనవాలు అక్కడే ఉంటుంది, అసలు మెసేజ్ కంటే దాని మీదే ఎక్కువ ఊహాగానాలు నడుస్తాయి. కోపంలో రాసిన జవాబుని రాత్రికి ఆపి తెల్లారాక చూసుకోమని ఇందాక చెప్పిన ఆర్‌ఎఫ్‌సీలోనే ఉంది. ముప్పై ఏళ్లు గడిచినా ఈ సలహా పాతబడలేదు.

తర్వాత తగువుని రెండుగా విడదీయండి. ఇక్కడున్నవి నిజానికి రెండు: అది బగ్గా కాదా అన్నది ఒకటి, ఎవరు ఎవరిని తక్కువ చేసి మాట్లాడారన్నది రెండు. మొదటిది మెషీన్ తేలుస్తుంది. మిగతా ఏ గొడవలోనూ లేని సదుపాయం ప్రోగ్రామర్లకి ఇదొక్కటే ఉంది, వాడుకోరు. ఫంక్షన్ లోపల లిస్టు ఐడీని (పైథాన్ దానికిచ్చే గుర్తింపు నంబరుని) ప్రింట్ చేసి రెండుసార్లు పిలవండి. రెండుసార్లూ ఒకే నంబరు వస్తుంది. అంటే రెండోసారి కొత్త లిస్టు పుట్టలేదు, పాతదే వాడుతోంది. పైథాన్‌లో డిఫాల్ట్ విలువ, అంటే మనం ఏమీ పంపనప్పుడు వాడే విలువ, ఫంక్షన్‌ని నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారవుతుంది. పైథాన్ అధికారిక ట్యుటోరియల్‌లో దీని మీద హెచ్చరిక కూడా ఉంది. కాబట్టి బగ్ కాదు. డిఫాల్ట్‌గా నన్ (None, అంటే ఏమీ లేదనే విలువ) ఇచ్చి, లోపల అది నన్ అయితే కొత్త ఖాళీ లిస్టు తయారు చేసుకుంటే సరిపోతుంది. విషయంలో సీనియర్‌దే రైటు. అయినా గొడవ ఆగదు, ఎందుకంటే ఫైనలియర్ కుర్రాడు పోట్లాడుతున్నది ఇప్పుడు లిస్టు గురించి కాదు.

మెషీన్ తేల్చలేని తగువులూ ఉంటాయి. జావా గొప్పా పైథాన్ గొప్పా, కోడ్ రాసే ఎడిటర్‌గా విమ్ వాడాలా వీఎస్ కోడ్ వాడాలా, లైను ముందు ఖాళీకి ట్యాబా స్పేసా. పైథాన్‌కి పెప్ 8 (కోడ్ ఎలా రాయాలో చెప్పే అధికారిక పత్రం) నాలుగు స్పేసులు పెట్టమంటుంది, అక్కడికి అది తేలినట్టే. మిగతావి ఎంత లాగినా తెగవు. ఇలాంటివాటిలో "నాకు ఇది అలవాటు" అని ఒక్కసారి చెప్పి తప్పుకోండి.

రెండో తగువు, అంటే మాట పడిన సంగతి, గ్రూపులో తేలదు. ఇద్దరి మధ్య అభిప్రాయభేదం వస్తే గ్రూపులో సాగదీయకుండా ఒకరికొకరు విడిగా రాసుకోవాలని, అందరికీ పనికొచ్చేది ఉంటే తర్వాత క్లుప్తంగా గ్రూపుకి చెప్పొచ్చని ఆ పాత పత్రమే అంటుంది. మన దగ్గర విడిగా రాయడం కంటే ఫోన్ చేయడం మేలు. రాతలో కటువుగా ఉన్న మనిషి గొంతులో అలా ఉండడు. ముందు చిన్న మెసేజ్: "అన్నా, ఇందాక గ్రూపులో మాట తేడాగా వెళ్లింది. వీలున్నప్పుడు రెండు నిమిషాలు మాట్లాడదామా?" ఒప్పుకున్నాకే చేయండి, అదీ రాత్రి తొమ్మిది లోపు. అవతల ఉన్నది అమ్మాయి అయితే, మీకు పరిచయం లేకపోతే, ఫోన్ చేయొద్దు, నంబరు కోసం ఎవరినీ అడగొద్దు. అడ్మిన్ ద్వారానే మాట పంపండి.

ఫోన్‌లో మొదటి మాట మీ వాదన కాకూడదు. "హైదరాబాద్ మాట నేను అనకూడనిది అన్నాను" అని మొదలుపెడితే, అవతలి మనిషి "నేనూ ఏకవచనంలో మాట్లాడాను లే" అంటాడు. చాలాసార్లు అంటాడు. అనకపోయినా మీరు చెప్పాల్సింది చెప్పారు. "నువ్వు ముందు మొదలుపెట్టావు కాబట్టి" అనే లెక్కలోకి దిగితే మాత్రం ఫోన్ పెట్టేసేసరికి గొడవ రెండింతలవుతుంది.

ఆ తర్వాత గ్రూపుకి రండి. చాలామంది ఇది మర్చిపోతారు. విడిగా రాజీపడ్డారని చూసినవాళ్లకి తెలియదు. ఇద్దరిలో ఒకరు ఇలా రాస్తే చాలు: "ఇందాకటి విషయం మాట్లాడుకున్నాం, అయిపోయింది. అసలు ప్రశ్నకి జవాబు ఇది: డిఫాల్ట్‌గా లిస్టు బదులు నన్ ఇవ్వండి, లోపల కొత్త లిస్టు తయారు చేయండి. ఎందుకో తెలియాలంటే ఐడీ ప్రింట్ చేసి చూడండి." అమ్మాయి డౌటు తీరింది, మిగతావాళ్లకి ముగింపు కనబడింది.

ఆరో మెట్టు: సారీ చెప్పడం

"ఎవరైనా హర్ట్ అయి ఉంటే సారీ" అనేది సారీ కాదు. హర్ట్ అవడం వాళ్ల తప్పన్నట్టు ఉంటుంది. ఏ మాట అన్నారో ఆ మాట చెప్పి, అది తప్పని చెప్పి, ఆపేయండి. తర్వాత "కానీ" వద్దు. అందరి ముందూ అన్న మాటకి అందరి ముందే చెప్పాలి, విడిగా అన్నదానికి విడిగా.

దీనికి పెద్ద ఉదాహరణ ఒకటుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ మెయిలింగ్ లిస్టులో ఘాటైన తిట్లకి పేరు పడ్డవాడు. తిట్టినా టెక్నికల్‌గా కరెక్టే కదా అని ఏళ్ల తరబడి సమర్థించినవాళ్లున్నారు. ఆయనే 2018 సెప్టెంబరు 16న అదే లిస్టులో క్షమాపణ చెప్పి, తన ప్రవర్తన మార్చుకోవడానికి సాయం తీసుకుంటానని కొంతకాలం పక్కకి తప్పుకున్నాడు. అదే సమయంలో కెర్నల్ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళిని కూడా పెట్టుకుంది. అంతకు రెండు నెలల ముందే, జులైలో, పైథాన్‌ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ ఒక చిన్న ఆపరేటర్ (కోడ్‌లో వాడే గుర్తు) గురించిన పెప్ 572 అనే ప్రతిపాదన మీద సాగిన వాదనలతో విసిగిపోయి నాయకత్వం నుంచి దిగిపోయాడు. ఆ ఆపరేటర్ తర్వాతి ఏడాది పైథాన్ 3.8లో వచ్చింది, ఆయన మాత్రం ఏకైక నాయకుడిగా తిరిగి ఆ కుర్చీలో కూర్చోలేదు. టెక్నికల్‌గా గెలిచినా మనుషులు అలిసిపోతారు.

ఏడో మెట్టు: చూస్తూ ఉన్నవాళ్లు

గొడవ జరుగుతుంటే బ్రహ్మానందం స్టిక్కర్లు వేయడం మనకి జాతీయ క్రీడ. నవ్వొస్తుంది, నిజమే. కానీ ప్రతి స్టిక్కరూ ఆ ఇద్దరికీ ప్రేక్షకులున్నారని గుర్తుచేస్తుంది. ప్రేక్షకులుండగా ఎవడూ తగ్గడు. చిలికి చిలికి గాలివాన అయ్యేది ఇలాగే. స్క్రీన్‌షాట్ తీసి సెక్షన్ గ్రూపులో వేయడం ఇంకా ఘోరం, అక్కడి నుంచి అది ఎక్కడికి పోతుందో మీ చేతిలో ఉండదు.

చేయగలిగిన మంచి పని ఒకటుంది. ఎవరి పక్షమూ తీసుకోకుండా అసలు ప్రశ్నకి జవాబు రాయండి. "ఆవిడ అడిగిన డౌటుకి వస్తే, నన్ ఇచ్చి చూడండి" అని ఎవరైనా రాస్తే చర్చ తిరిగి దారిలో పడుతుంది. మాట పడిన మనిషికి విడిగా "బాగానే ఉన్నారా?" అని ఒక్క మెసేజ్ పెట్టండి. మంట పెట్టడానికి కాదు, తోడుగా.

ఎనిమిదో మెట్టు: మీరే అడ్మిన్ అయితే

గొడవ రాకముందే నియమాలు రాసి పిన్ చేయండి. ఐదారు లైన్లు చాలు, ఎక్కువైతే ఎవరూ చదవరు. అందులో ఒక లైను తప్పకుండా ఉండాలి: కులం, పార్టీ, హీరోల అభిమానం ఇక్కడ వద్దు. విజయవాడ, గుంటూరుల్లో ఈ మూడింట్లో ఏది గ్రూపులోకి వచ్చినా ఇక కోడ్ గురించి ఎవరూ మాట్లాడరు. ఇంటిపేరు చూసి ఆరా తీసే మెసేజ్‌లు సరదాగా కనిపించినా సరే, వెంటనే తీసేయండి.

మాటలు పెరుగుతున్నప్పుడు మొదటి ఆయుధం రిమూవ్ బటన్ కాదు. టెలిగ్రామ్‌లో స్లో మోడ్ ఉంది, ఒక్కొక్కరు ఒక మెసేజ్ తర్వాత ఇంకొకటి పెట్టాలంటే కొన్ని సెకన్ల నుంచి గంట దాకా ఆగేలా పెట్టొచ్చు. ఐదు నిమిషాలు పెట్టి చూడండి, సగం ఆవేశం అక్కడే చల్లారుతుంది. వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా సెట్టింగ్ మార్చి, "రేపు పొద్దున తొమ్మిదికి తెరుస్తాను" అని రాసి పడుకోండి. ఎప్పుడు తెరుస్తారో రాయకపోతే ఆ తిట్లు మీకు మళ్లుతాయి.

ఇద్దరికీ విడిగా, ఒకే మాటలతో మెసేజ్ పెట్టండి. మీ రూమ్మేట్‌కి ఒక రకంగా, తెలియనివాడికి ఒక రకంగా పెడితే మర్నాటికి ఇద్దరూ పోల్చి చూసుకుంటారు. ఎవరినైనా తీసేస్తే ఎందుకు తీశారో, మళ్లీ ఎప్పుడు చేరొచ్చో గ్రూపులో ఒక్క లైనులో రాయండి, మిగతా వివరాలు వద్దు. అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి, ఒకరు విజయవాడ బ్యాచి అయితే ఇంకొకరు గుంటూరు నుంచి ఉంటే మరీ మంచిది. "మావాళ్లని మాత్రం ఏమీ అనరు" అనే మాట తగ్గుతుంది.

సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి, తన ప్రమేయం లేకుండా, అడ్మిన్ అయినంత మాత్రాన శిక్ష పడదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అలాగని తెలిసి కూడా వదిలేయొద్దు, మీకు దాన్ని ఆపే అధికారం ఉంది కాబట్టే అందరూ మీ వైపు చూస్తారు.

తొమ్మిదో మెట్టు: హద్దు దాటితే

బెదిరింపులు, అమ్మాయిలకి వద్దన్నా ఆగని మెసేజ్‌లు, ఫొటోలు మార్చి పెట్టడం, నంబరు, అడ్రసు బయటపెట్టడం, ఇవి మర్యాద సమస్యలు కావు. ఇక్కడ రాజీ కుదర్చడానికి ప్రయత్నించొద్దు, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించొద్దు.

ముందు ఆధారాలు. గ్రూపులోంచి బయటికి వచ్చేయాలనే అనిపిస్తుంది, కాసేపు ఆగండి. స్క్రీన్‌షాట్‌లో తేదీ, సమయం, సేవ్ చేసుకున్న పేరుతో పాటు అసలు నంబరు కూడా కనబడాలి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. అడ్మిన్లు కూడా ఆ మెసేజ్‌లు డిలీట్ చేసే ముందు కాపీ ఉంచుకోవాలి. మంచి ఉద్దేశంతో వెంటనే తుడిచేసి ఆధారం లేకుండా చేసే అడ్మిన్లున్నారు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో బెదిరింపు 351వ సెక్షన్ కింద, మహిళల్ని వెంటాడటం, ఆన్‌లైన్‌లో వెంటాడటంతో సహా, 78 కింద, పరువు నష్టం 356 కింద వస్తాయి. గ్రూపుల్లో "నీ మీద సిక్స్టీ సిక్స్ ఏ పెడతా" అని బెదిరించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది, దానికి భయపడక్కర్లేదు. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో చేయొచ్చు, దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వొచ్చు. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాలకి. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని గ్రూపులో డబ్బు లాగితే ఆలస్యం చేయకుండా దానికి ఫోన్ చేయండి.

సీనియర్లు జూనియర్లని గ్రూపులో వేధిస్తుంటే అది ర్యాగింగ్. ఆంధ్రప్రదేశ్‌లో దానికి 1997 నుంచే చట్టం ఉంది. కాలేజీలోని యాంటీ ర్యాగింగ్ కమిటీకి రాయండి, అక్కడ చెప్పుకోలేకపోతే 1800 180 5522 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పడం మంచిది. ఫిర్యాదు ఇచ్చాక ఆ విషయం గ్రూపులో ప్రకటించొద్దు. కంప్లయింట్ నంబరు మీ దగ్గర, ఆధారాల కాపీ ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచుకోండి.